పాతబండికి తగిన పాదరక్షలు

రానున్న ఆదివారమునాడు మా సేవాసమితి కార్యవర్గము కూడినపుడు చర్చింపవలసిన అంశములలో నొకటి చూపునకు మిక్కిలి అల్పమైనది. సమితిబండికి ఎట్టి టైర్లు కొనవలెను? కార్యక్రమ పట్టికలో అది యేడవది. దానికి ముందు వార్షికోత్సవమున్నది, లెక్కల తనిఖీదారు నియామకమున్నది, పఠనమందిరమునకు కావలసిన బీరువా యున్నది. ఏడవ అంశము వచ్చునప్పటికి సభ్యులలో సగముమంది గడియారము చూచుకొనుచుందురు. తక్కిన సగముమంది "ఎవరు తక్కువకిచ్చిన వారివద్దనే తీసికొనుడు" అని కండువా సర్దుకొని లేతురు. ఈ మారు అట్లు జరుగకూడదనియే ఈ పుటయందు ఇంత స్థలమును టైర్లకు వినియోగించుచున్నాము. ఇట్టి పాతబండ్లను ఉంచుకొన్న సంఘములు, ధర్మాసుపత్రులు, తోటల యజమానులు మన జిల్లాలలో అనేకులు కలరు గనుక మా యింటిగోడు వారికిని పనికివచ్చునని తలంచుచున్నాము.

బండి పదునాఱేండ్ల ప్రాయముగలది. మహీంద్రావారు 1947లో బొంబాయియందు విల్లీస్ జీపులను కూర్చుట కారంభించిన నాటినుండి వచ్చుచున్న వంశములోనిది. వెనుక తొట్టి, క్రింద కమానుకట్టలు, అవసరమైనపుడు ఒక చిన్న కడ్డీని లాగినచో నాలుగు చక్రములకును శక్తినందించు ఏర్పాటు. నెలకు రెండుమార్లు అది రాజమహేంద్రవరమునుండి బయలుదేరి రంపచోడవరము, మారేడుమిల్లి మీదుగా ఘాటుదిగి చింతూరువైపు మందులను, వైద్యులను తీసికొనిపోవును. రోడ్డు ముగిసినచోట నిలుచును. అక్కడినుండి పైగూడెములకు కాలిబాటయే. నొప్పులుపడుచున్న గర్భిణిని డోలీలో మోసికొని నలుగురు మనుష్యులు కొండదిగి వచ్చునపుడు ఈ బండి యున్నచో ఆసుపత్రి కొన్ని గంటల ముందు దొరకును. లేనిచో ఆ నలుగురే మఱికొంతదూరము మోయవలెను. ఏడవ అంశమనగా ఇది.

మేము చేసిన తప్పులను మొదట చెప్పుకొందుము. 2022వ సంవత్సరము జూలై 16వ తేదీన భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు పొంగినది. 1986 తరువాత అంతటి వరద మరల రాలేదు. చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములు మునిగినవి. నీరు తీసినపిమ్మట ఆ త్రోవలపై మోకాలిలోతు ఒండ్రు మిగిలినది. అప్పటికి మా బండికి ఒక ఉదారుడైన మిత్రుడు తన ఖర్చుతో పెద్ద బురదటైర్లను తొడిగించి యుండెను. అవి బండిని ఎత్తుగా నిలిపినవి, బాలురు ముచ్చటపడి చూచుచుండిరి. న్యాయము తప్పక చెప్పవలెనన్న, ఆ ఒండ్రులో అవి బాగుగనే పనిచేసినవి. తిరుగుప్రయాణమున ఘాటుపై వానపడినది. నునుపైన తారుమలుపులో డ్రైవరు బ్రేకు నొక్కగా బండి నిలువక జారి, పిట్టగోడకు జానెడు దూరమున ఆగినది. లోపల ఇద్దరు రోగులు, ఒక నర్సు ఉండిరి. ఆ రాత్రి ఇంటికివచ్చిన తరువాత మాలో ఎవరమును భోజనము చేయలేదు.

మఱుసటియేడు పొదుపు అను పేరిట రెండవ తప్పు చేసితిమి. నాలుగు టైర్లకు డబ్బు చాలదనుకొని వెనుకకు మాత్రము చవుకగా రెండు రోడ్డుటైర్లు కొని, ముందువైపున ఆ పాత బురదటైర్లనే ఉంచితిమి. మూడు నెలలలో ట్రాన్స్‌ఫర్ కేసులోని పండ్లచక్రములు విఱిగినవి. బాగుచేయించుటకైన ఖర్చు మిగిల్చితిమనుకొన్న మొత్తమునకు రెండింతలైనది. దుకాణదారునిపై నేరము మోపుట సులభము. ఐనను కొన్నవారము మేము, ఓటువేసినవారమును మేమే.

ఈ రెండవ తప్పులోని మర్మమును కొంచెము విప్పిచెప్పుట అవసరము, ఏలయన దీనిని చదువుకొన్నవారుకూడ నమ్మరు. ఇట్టి పాతబండ్లలో నాలుగుచక్రముల ఏర్పాటును పెట్టినపుడు ముందుఇరుసును వెనుకఇరుసును ఒకే లెక్కగా తిరుగునట్లు ట్రాన్స్‌ఫర్ కేసు బిగించివైచును. మధ్యలో సర్దుబాటుచేయు అవకాశము లేదు. ఇప్పుడు వెనుకటైరు క్రొత్తది, ముందుటైరు 6 మిల్లీమీటర్లు అరిగినది అనుకొందము. వ్యాసములో తేడా 12 మిల్లీమీటర్లు. చుట్టుకొలతలో సుమారు 38 మిల్లీమీటర్లు. మా బండి చక్రము కిలోమీటరునకు రమారమి 434 మార్లు తిరుగును. అనగా కిలోమీటరు నడచునప్పటికి ముందుచక్రములకును వెనుకచక్రములకును 16 మీటర్ల తగవు! మట్టిబాటయందు చక్రములు కొద్దిగా జారి ఆ తగవును తీర్చుకొనును. గట్టినేలపై జారుటకు వీలులేక ఆ బిగువంతయు పండ్లచక్రములపై పడును. అరుగుదలలో తేడాయే ఇంతపనిచేయగా కొలతయే వేరైన టైర్లను కలిపి నడుపుటను గూర్చి చెప్పనేల? కావున నాలుగును ఒకేసారి, ఒకే రకము, ఒకే కొలత కొనవలెను. మా అభిప్రాయమున స్టెప్నీతో కూడ అయిదు కొనవలెను. ఎనిమిది పదివేల కిలోమీటర్లకొకసారి అయిదింటిని స్థానములు మార్చుచుండవలెను. లేనియెడల కొండలలో ఒక టైరు చీలిననాడు స్టెప్నీగా బిగించిన అయిదవది ఆ పాత తగవునే మరల తెచ్చిపెట్టును.

ఇక ఏ రకము? బజారులో మూడు జాతులున్నవి. సన్నని గాడులతో రబ్బరు దగ్గరదగ్గరగా నుండునది రోడ్డుటైరు. మెకానిక్కులు "బటను" అనిపిలుచు దిమ్మలు పెద్దవిగా, ఎడమెడముగా నుండునది బురదటైరు. ఈ రెండింటి నడుమనున్నది ఆల్ టెర్రెయిన్ టైరు. అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ 1976లో రేడియలు పద్ధతిపై దీనిని బజారునకు తెచ్చినది. నేడు మన దేశపు కంపెనీలన్నియు చేయుచున్నవి. పేరునుబట్టి ఇది అన్ని నేలలకును సమానముగా పనికివచ్చునని భ్రమపడరాదు. ఇది రాజీపత్రము వంటిది. ఉభయపక్షములును కొంత వదలుకొన్నచోటనే రాజీ పుట్టును. తడితారుపై ఇది మంచి రోడ్డుటైరంత త్వరగా బండిని ఆపదు, నూనె కొంచెము ఎక్కువ త్రాగును, కొంత చప్పుడుచేయును. చిక్కని బురదలో బురదటైరంత దూరము తీసికొనిపోదు. అట్లయినను బురదటైరువలె ఘాటుమలుపులో ప్రాణములమీదికి తేదు. రోడ్డుటైరువలె కంకరపై ప్రక్కలు చీలి మధ్యదారిలో కూలబడదు.

నేలను చూడక టైరును ఎన్నుకొనువాడు కక్షిదారుని మాట వినక దావా వ్రాయు వకీలు వంటివాడు. మా త్రోవ ఎట్టిది? నూటికి డెబ్బదిపాళ్లు తారు, ఇరువదిపాళ్లు ఎఱ్ఱమట్టి, కంకర, తక్కిన పది వాగులు, వండలి. ఇట్టి త్రోవకు ఆల్ టెర్రెయిన్ టైరే తగినదని మా నిశ్చితాభిప్రాయము. ఇదేమాట గుంటూరు నల్లరేగడిలో తిరుగు మిత్రునితో చెప్పజాలము. వానపడిన రేగడి జిగురు ఏ మధ్యరకపు టైరు గాడులనైనను రెండు చుట్లలో పూడ్చివేయును. అటుపైని అది నున్నని టైరే. బురదటైరు దిమ్మలు ఎడమెడముగా నుండుట ఆ మట్టిని తిరుగుడులో విసరికొట్టుటకే. రేగడిలో ఏడాదికి నాలుగునెలలు పనిగలవాడు దానిని కోరినచో అది వేషము కాదు. మరి అనంతపురపు రాళ్లబాటలో తిరుగువానికి బురద సమస్యయే లేదు. వానికి కావలసినది ప్రక్కగోడ మందముగానున్న టైరు. "ఎల్.టి." అను అక్షరములు కొలతకు ముందున్న టైర్లకు సాధారణముగా ఆ బలముండును. వానికి గాలియు ఎక్కువ కావలెను. మామూలు టైరుకు పెట్టిన గాలినే వానికి పెట్టినచో బరువు మోయజాలవు, వేడెక్కును. ఈ సంగతి తెలియక పెట్రోలుబంకువద్ద అలవాటుచొప్పున గాలిపట్టించువారే హెచ్చు.

వెడల్పును గూర్చి కూడ ఒక మాట. వెడల్పుటైరు ఎల్లప్పుడును మేలని పట్టణవాసులు తలంచుట కలదు. ఇసుకలో నిజమే, అది తేలియాడును. పలుచని బురదక్రింద గట్టినేల యున్నచోట సన్ననిటైరు బురదను కోసికొని అడుగును అందుకొనును. మన ఎడ్లబండి చక్రము ఎత్తుగా, ఇనుపపట్టా సన్నముగా నుండుటలోని రహస్యమిదియే. రెండవ ప్రపంచయుద్ధమున వేలకొలది జీపులు నడచినది 6 అంగుళముల టైర్లపైననే.

కొలతను గూర్చి. మా బండి పుస్తకములో 235/75ఆర్15 అని యున్నది. వెడల్పు 235 మిల్లీమీటర్లు, ప్రక్కయెత్తు వెడల్పులో నూటికి 75వంతులు, రిమ్ము 15 అంగుళములు. మొత్తము వ్యాసము సుమారు 733 మిల్లీమీటర్లు. మిత్రుడు తొడిగించినవి 31 అంగుళములవి, అనగా 787. ఈ తేడా నూటికి ఏడుపాళ్లు. దానివలన వేగసూచి 60 చూపునపుడు బండి నిజముగా 64 మీద పోవుచుండును. ముసలి యింజనుకు గేర్లన్నియు ఒక మెట్టు బరువైనట్లగును, ఎగువలో ఆయాసపడును. బ్రేకులకు పని పెరుగును. పూర్తిగా త్రిప్పినపుడు టైరు కమానుకట్టను రాచుకొనును. రెండంగుళముల గర్వమునకు ఇంత మూల్యము!

దీనికి చట్టపుచిక్కు ఒకటి. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు పేర్కొన్న వివరములకు భిన్నముగా బండిని యజమాని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ సెక్షనును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణచట్టము చేర్చిన 182ఏ సెక్షను అట్టి మార్పు ఒక్కింటికి అయిదువేల రూపాయల జుల్మానానో, ఆఱునెలలవఱకు ఖైదునో, రెండునో విధించుచున్నది. ప్రతి టైరుమార్పును ఈ సెక్షను క్రిందికి వచ్చునా అనునది వాదింపదగిన విషయమే. మాకు అవకాశమిచ్చినచో ఉభయపక్షములను వాదింపగలము! ఐనను ప్రమాదము జరిగిననాడు బీమాకంపెనీవారి వకీలు చేతికి మనమే ఆయుధమందించుట ఏల? టైరు ప్రేలుట దైవఘటనయని తప్పించుకొనుటకును ఇక వీలు సన్నగిల్లినది. అది దైవఘటన కాదు, మానవుని అజాగ్రత్తయే అని బొంబాయి హైకోర్టు 2023లో ఒక పరిహారపు వ్యాజ్యమున తీర్పుచెప్పినది. ఆ తీర్పు చదివిననాడు మాకు ఘాటుమీది పిట్టగోడ జ్ఞప్తికి వచ్చినది.

బరువుసంఖ్య అనునది కొలత ప్రక్కనే యుండును గాని దానిని చదువువారు అరుదు. 105 అనియున్నచో ఆ టైరు 925 కిలోలు మోయును. 104కు 900, 100కు 800 మాత్రమే. ఎల్.టి. టైర్లపై 104/101 అని రెండుసంఖ్యలుండుట కలదు. మొదటిది చక్రము ఒంటిగానున్నపుడు, రెండవది వెనుక జంటచక్రములున్నపుడు. మేము మందుపెట్టెలు, బియ్యపుబస్తాలు, మనుష్యులను ఎక్కించి ఎన్నడైనను తూచితిమా? లేదు. పోయిన బుధవారము మాత్రమే డ్రైవరును వేబ్రిడ్జి కాటాకు పంపితిమి. వెనుకచక్రములను మాత్రము కాటాపై నిలిపి తూచినచో వెనుకఇరుసు భారము వేరుగా తెలియును. దానిలో సగమే ఒక్కొక్క వెనుకటైరుపై పడు బరువు. ఆ అంకె చేతిలోలేక టైరు కొనుట కన్నులకు గంతకట్టుకొని కొనుటయే.

ఇంకొక రెండు గుఱుతులు చూడవలెను. టైరు ప్రక్కన అండాకారపు గడిలో నాలుగంకెలుండును. 2319 అన్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున పుట్టినదని అర్థము. రబ్బరు వాడకపోయినను ముసలిదగును. మా బండివంటివి ఏడాదికి తిరుగునది తక్కువ గనుక బటను అరుగకముందే రబ్బరు బీటలువారును. "చూడుడు, ఎంత మిగిలియున్నదో!" అని చవుకగా అమ్మజూపు పాతటైర్లు ఈ జాతివే. అయిదేండ్లు దాటినదానిని ఏటేట పరీక్షింపవలెను, పదేండ్లు దాటినదానిని తాకరాదు. రెండవది ఐ.ఎస్.ఐ. ముద్ర. 2009 నాటి ప్రభుత్వపు ఉత్తరువు దానిని తప్పనిసరి చేసినది. మంచుకొండ బొమ్మచెక్కిన ముద్రనుచూపి అదనపు ధర అడుగువారును కలరు. అది మంచుపై పట్టునకు సంబంధించిన గుఱుతు. మన లంబసింగిలో చలికాలమున గడ్డిపై పేరుకొను తెల్లని పొరకొఱకు అంత ఖర్చు అక్కఱలేదు.

అరుగుదల విషయమున 1989 నాటి కేంద్ర నిబంధనలు 1.6 మిల్లీమీటర్ల లోతు మిగిలియుండవలెనని చెప్పుచున్నవి. అది తారురోడ్డున పోలీసువారికి సమాధానము చెప్పుటకు చాలును, వాగులో బండిని ఎక్కించుటకు చాలదు. క్రొత్త ఆల్ టెర్రెయిన్ టైరు గాడి లోతు సుమారు 10నుండి 13 మిల్లీమీటర్లుండును. అందులో సగము పోయినపిమ్మట దానిని కొండకు నమ్మి పంపుట మాకు సమ్మతము కాదు.

స్వదేశీ విదేశీ మాట ఎట్లును వచ్చును. సభ్యులలో ఒకరు విదేశపు మేలురకముల బొమ్మలపుస్తకము తెప్పించియున్నారు. అందలి టైర్లు మంచివికావని మేమనము. కాని 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వము టైర్ల దిగుమతిపై ఆంక్షలు విధించినపుడు అట్టి కొలతలు వాడువారు జతకు ఒకటి దొరకక పడిన పాట్లను ఎఱుగుదుము. మద్రాసులో 1946లో రబ్బరుబుడగలు చేయుచు మొదలైన సంస్థ నేడు మన సదాశివపేటలో టైర్లు చేయుచున్నది. తిరుపతి జిల్లా చినపాండూరులో మఱియొక కంపెనీ కర్మాగారము 2020లో మొదలైనది. మా పట్టు అభిమానముకంటె అవసరమునకు సంబంధించినది. చీలిన టైరు స్థానమున అదేరకము, అదేకొలత మఱునాటికి రాజమహేంద్రవరపు దుకాణములో దొరకవలెను. దొరకనిది ఎంత గొప్పదైనను మా బండికి పనికిరాదు.

పాతబండి గనుక టైర్లు ఎక్కించుటకుముందు మఱికొంత పనియున్నది. స్టీరింగులో వదులున్నదా, బేరింగులు మ్రోగుచున్నవా, బాలుజాయింట్లు ఊగుచున్నవా చూచి బాగుచేయించి, పిమ్మట అలైన్‌మెంటు పెట్టించవలెను. అది లేక క్రొత్తటైర్లు వేయుట పిప్పిపన్నుపై బంగారుతొడుగు వేయించుట వంటిది. ఆఱునెలలలో ఒకప్రక్క నున్నగా కొఱుకుకొనిపోవును. రిమ్ములు తుప్పుపట్టియున్నచో ట్యూబులేని టైరునుండి గాలి అంచులవెంట కాఱుచుండును. మా రిమ్ములలో రెండు అట్టివే. వానిని గీకించి రంగువేయించుటయో మార్చుటయో జరుగవలెను, ఆ ఖర్చును అంచనాలో చేర్చియున్నాము. ఒక చేతిగాలికొలత, బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు కూడ చేర్చితిమి. ఒండ్రులోగాని ఇసుకలోగాని 18, 20 పౌండ్లకు గాలి తగ్గించి మెల్లగా నడిపినచో టైరు పాదము పొడవై నేలను పట్టుకొనును. తారు ఎక్కగానే మరల నింపవలెను. 2022లో ఈ చిన్న ఉపాయము తెలిసియున్నచో పెద్ద టైర్లతో మాకు పనియే లేకపోయెడిది.

కోశాధికారిగారి పక్షమునకూడ న్యాయమున్నది. అయిదుటైర్ల సొమ్ముతో బీరువాయు, వార్షికోత్సవపు పందిరియు తీరును. ఈయేడు రెండు, వచ్చేయేడు మూడు అను వారి సూచన గృహస్థధర్మమున సమంజసమే. నాలుగుచక్రముల బండికి అది పనికిరాదని పైని లెక్కతో చూపితిమి. పండ్లచక్రముల బిల్లు వారి దస్త్రములోనే యున్నది. పందిరి లేకుండ వార్షికోత్సవము పఠనమందిరపు వసారాలో జరుపవచ్చును. కుర్చీలు మా కచేరీనుండి పంపెదము.

ఇంతవఱకు ఏ సమావేశమునకును డ్రైవరును పిలువలేదు. బురదటైర్లు వేసినపుడును పిలువలేదు, రెండుటైర్లు కొన్నపుడును పిలువలేదు. ఈ రెండును తప్పని అతడు అప్పుడే అనెనని తరువాత తెలిసినది. ఆదివారము సాయంకాలము అయిదుగంటలకు రమ్మని ఈమారు అతనికి కబురుచేసితిమి. ఏడవ అంశమును మొదటికి మార్చవలెనని అధ్యక్షులవారికి వ్రాసితిమి. వేబ్రిడ్జి చీటీ డ్రైవరు జేబులోనే యున్నది.